కార్ఖానా గడప, కళాశాల గడప

మా కళాశాలలో చేరే ప్రతి విద్యార్థీ నింపవలసిన దరఖాస్తు పత్రములో ‘తండ్రి వృత్తి’ అను గడి ఒకటి ఉన్నది. ప్రవేశముల కాలములో ఆ పత్రములను సరిచూసే పని కొన్ని సంవత్సరములుగా మా వంతుకు వస్తున్నది. ఆ గడిలో పిల్లలు రాసే మాటలను చూడగా చూడగా మాకొక సంగతి తెలియవచ్చినది. ‘వ్యాపారము’ అని రాసినవారిలో పలువురి తండ్రులు వ్యాపారులు కారు. ఒకరు లేత్ మిషను నడిపేవారు, ఒకరు వెల్డింగు చేసేవారు, ఇంకొకరు మోటార్లకు వైండింగు చుట్టేవారు. ఒక విద్యార్థిని దగ్గరకు పిలిచి, “మీ నాన్నగారిది ఏమి వ్యాపారము బాబూ?” అని అడిగినాము. అతడు తల వంచుకొని, “లేత్ షాపు సార్. అట్లా రాస్తే బాగుండదని వ్యాపారమని రాసిన” అన్నాడు.

ఆ మాటలో అబద్ధము కంటె బాధ ఎక్కువగా ఉన్నది. తన ఇంటికి అన్నము పెట్టే పనిని కళాశాల గడప దగ్గర వదలి లోపలికి రావలెనని ఆ పిల్లవానికి ఎవరు నేర్పినారు? నిజము చెప్పుకోవలెనంటే, మనమే నేర్పినాము. ఈ వ్యాసము ఆ గడిని గురించినదే. కాని దానిని చెప్పుటకు ముందు సముద్రములకు ఆవల జరిగిన ఒక గురుశిష్యుల కథను చెప్పవలసియున్నది. తెలుగు పాఠము చెప్పుకొనే మాకు యంత్రముల ముచ్చట ఎందుకని మిత్రులు నవ్వవచ్చును. యంత్రము లోపలి సంగతులు మాకంటె మా భౌతికశాస్త్ర శాఖవారికే బాగుగా తెలియును. మేము చెప్పదలచినది యంత్రమును గురించి కాదు, అది పుట్టిన దారిని గురించి.

1981వ సంవత్సరపు వేసవి. అమెరికాలోని ఆస్టిన్ నగరములో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయములో మొదటి సంవత్సరము ముగించిన కార్ల్ డెకార్డ్ అను విద్యార్థి, సెలవులలో హ్యూస్టన్ నగరములోని టి.ఆర్.డబ్ల్యు. మిషన్ అను కార్ఖానాలో పనికి చేరినాడు. చమురు బావులకు కావలసిన భాగములను తయారు చేసే చోటు అది. కంప్యూటర్ తెరమీద వస్తువు ఆకృతిని గీసే పద్ధతి ఆనాటికే అక్కడకు వచ్చినది. అయినను పోత పోయవలసిన భాగములకు నమూనాలను మాత్రము చేయి తిరిగిన పనివారు నక్షాలు చూచి చేతితోనే మలచవలసివచ్చేది. ఆ నమూనాను ఇసుకలో అద్ది, ఏర్పడిన గుంటలో కరిగిన లోహము పోస్తేనే భాగము తయారగును. ఆ పనిని దగ్గర నిలబడి చూచిన విద్యార్థికి ఒక ప్రశ్న తట్టినది. ఆకృతి కంప్యూటర్‌కు తెలిసే ఉన్నప్పుడు, నడుమ ఇంత శ్రమ లేకుండా అదే కంప్యూటర్ ఆ ఆకృతిని నేరుగా వస్తువుగా ఎందుకు చేయకూడదు?

ఇక్కడ మనము ఒక్క క్షణము ఆగవలెను. ఆ ప్రశ్న పుస్తకములో నుండి పుట్టలేదు, ప్రయోగశాలలో నుండి పుట్టలేదు. పనివాని చేతుల దగ్గర నిలబడి చూచినందువలన పుట్టినది. ఆ నమూనాలు మలచినవారి పేర్లను ఈ కథ చెప్పేవారెవరూ చెప్పరు. కాని డెకార్డ్‌కు మొదటి గురువులు వారే అని మేము భావిస్తున్నాము.

రెండు సంవత్సరములకు పైగా ఆ ప్రశ్నను మనసులో మోసుకొని తిరిగిన పిమ్మట డెకార్డ్ తన విశ్వవిద్యాలయములోని జోసెఫ్ బీమన్ అను యువ అధ్యాపకుని ఆశ్రయించినాడు. బీమన్ 1979లో ఎం.ఐ.టి.లో పరిశోధన పూర్తి చేసి ఆస్టిన్‌కు వచ్చినవారు. వేసవి పనిలో తట్టిన ఊహ అని ఆయన తోసిపుచ్చలేదు. 1984లో డెకార్డ్‌ను పరిశోధక విద్యార్థిగా తీసుకొన్నారు. పదార్థముల శాస్త్రము తెలిసిన డేవిడ్ బూరెల్ కూడ వారికి తోడైనారు.

వారు కనుగొన్న పద్ధతి చెప్పుకొంటే సులభమే. ఒక తొట్టిలో ప్లాస్టిక్ పొడిని పలుచగా పరుస్తారు. వస్తువును అడ్డముగా కోస్తే కనిపించే ఆకారమును లేజర్ కిరణము ఆ పొడిమీద గీస్తుంది. కిరణము తగిలినచోట పొడి వేడికి అతుక్కొంటుంది, తగలనిచోట పొడిగానే మిగులుతుంది. తొట్టి అడుగు కొంచెము దిగుతుంది. మరల పొడి, మరల కిరణము. నేటి యంత్రములలో ఒక్కొక్క పొర మందము సుమారు 0.1 మిల్లీమీటరు. వందల పొరలు ముగిసిన తరువాత మిగిలిన పొడిని దులిపివేస్తే లోపల వస్తువు ఉంటుంది. అంతవరకు ఆ పొడియే దానికి ఆధారముగా నిలిచి ఉంటుంది. లేత్ మిషను లోహమును చెక్కి తీసివేస్తూ వస్తువును చేస్తుంది. ఇది పొర మీద పొర చేర్చుతూ వస్తువును చేస్తుంది. అందుకే దీనికి అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ అని పేరు. లోకులు పిలిచే పేరు త్రీడీ ప్రింటింగ్. ఆస్టిన్‌లో పుట్టిన ఈ ప్రత్యేక పద్ధతికి సెలెక్టివ్ లేజర్ సింటరింగ్ అని పేరు పెట్టినారు. 1986 అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు చేసినారు, 1989 సెప్టెంబరులో అది లభించినది. ఈలోగా 1988లో డెకార్డ్ డాక్టరేటు పొందినాడు.

ఈ కథ ఇంతటితో ముగిసినట్లయితే అది ఒక నూతన ఆవిష్కరణ కథ మాత్రమే అయ్యేది. మమ్ములను ఆకర్షించినది ఆ తరువాతి భాగము. విశ్వవిద్యాలయములో సహాయ డీన్‌గా ఉన్న పాల్ మెక్లూర్, ఆస్టిన్‌లోని హెరాల్డ్ బ్లెయిర్ అను వ్యాపారి చేయి కలుపగా ఒక చిన్న సంస్థ ఏర్పడినది. అదియే బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ పెట్టుబడితో డి.టి.ఎం. అను పేరుతో పెరిగి, ఈ యంత్రములను తయారు చేసి అమ్మినది. 2001లో దానిని త్రీడీ సిస్టమ్స్ అను కంపెనీ కొన్నది. గురువుగారైన బీమన్ ఏమి చేసినారు? 1990 నుండి 1992 వరకు విశ్వవిద్యాలయమునకు సెలవు పెట్టి, ఆ సంస్థలో పనిచేయుటకు పోయినారు. ప్రయోగశాలలో ఒక్క మాదిరి వస్తువు చేయుట వేరు, కొన్నవారి కార్ఖానాలో ప్రతిదినము పనిచేసే యంత్రమును చేయుట వేరు. ఆ రెండవదానిని కుర్చీలో కూర్చుండి నేర్వలేమని ఆయన గ్రహించినారు. తిరిగి వచ్చి మరల పాఠము చెప్పినారు. 1990 నుండియే ఆస్టిన్‌లో ఈ రంగపు పరిశోధకులూ పరిశ్రమలవారూ ఒకచోట కూడే వార్షిక సదస్సు జరుగుతూ వస్తున్నది. అక్కడ చదివిన పత్రములు ఎవరైనా చదువుకొనుటకు అందుబాటులో ఉన్నవి. శిష్యుడు కూడ అదే బాటలో నడచినాడు. సంస్థనుండి క్లెమ్సన్ విశ్వవిద్యాలయమునకు పోయి అధ్యాపకుడైనాడు, మరల 2012లో కొత్త పొడులను తయారు చేసే సంస్థ స్థాపనలో పాలుపంచుకొన్నాడు. 2019 డిసెంబరులో మరణించినాడు.

విద్యార్థి కార్ఖానా నుండి కళాశాలకు ప్రశ్నను తెచ్చినాడు. గురువు కళాశాల నుండి కార్ఖానాకు జవాబును మోసుకొని పోయినాడు. ఈ రాకపోకలే లేకుంటే ఏమగునో చెప్పుటకు మరొక ఉదాహరణ ఉన్నది. జపాను దేశపు నగోయా నగర పారిశ్రామిక పరిశోధనా సంస్థలో హిడియో కొడామా అను పరిశోధకుడు, వెలుగు తగిలితే గట్టిపడే రసాయనముతో పొరలు పొరలుగా వస్తువును చేసే పద్ధతిని 1980 నాటికే రూపొందించి, 1981లో దానిని గురించి వ్యాసము ప్రకటించినాడు. కాని పేటెంటు ప్రక్రియ గడువులోగా పూర్తి కాలేదు. ఆ పద్ధతికి పేటెంటు పొంది యంత్రముగా లోకమునకు అందించిన కీర్తి, 1984లో దరఖాస్తు చేసి 1986లో పేటెంటు పొందిన అమెరికా ఇంజనీరు చార్లెస్ హల్‌కు దక్కినది. కొడామా బుద్ధిలో లోపము లేదు. అతని ఊహను చేయి పట్టి గడప దాటించినవారు లేకపోయినారు.

ఇక మన సంగతికి వద్దాము. ఈ విద్య మనకు దూరపు విషయమని ఎవరైనా తలచినచో అది పొరపాటు. దంతవైద్యులు పంటిమీద తొడిగే లోహపు తొడుగులు ఈనాడు లేజర్‌తో పొడిని కరిగించి చేసినవే అనేకము. చెవిటివారు పెట్టుకొనే యంత్రముల తొడుగులు కూడ ఈ మార్గముననే తయారగుచున్నవి. హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ త్రీడీ ప్రింటింగును వినియోగించి చేసిన క్రయోజెనిక్ ఇంజనును 2021లో పరీక్షించినది. మద్రాసు ఐ.ఐ.టి. నీడలో పెరిగిన అగ్నికుల్ సంస్థ, ఒకే ముక్కగా ముద్రించిన ఇంజనుతో 2024 మే 30న రాకెట్టును ఎగురవేసినది. కేంద్ర ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో ఈ రంగమునకై జాతీయ వ్యూహమును ప్రకటించినది. జాతీయ అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ కేంద్రము కూడ హైదరాబాదులోనే నెలకొన్నది. బాలానగర్‌లో 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నేటికీ పనిముట్ల తయారీలో యువకులకు శిక్షణ ఇస్తున్నది. దారి దూరము కాదు. ఆ దారిన పోవుటకు మన కాళ్ళే కదలుట లేదు.

ఎందుకు కదలుట లేదు? తల్లిదండ్రుల మాట మొదట వినవలెను. పైన చెప్పిన విద్యార్థి తండ్రిగారిని ఒకనాడు కలిసి, సెలవులలో అబ్బాయిని షాపులో కూర్చోబెట్టుకోరాదా అని అడిగినాము. ఆయన నూనె అంటిన చేతులను గుడ్డతో తుడుచుకొంటూ, “ఈ నూనె వాని చేతులకు అంటొద్దనే కదా సార్, మీ దగ్గరకు పంపింది” అన్నారు. ఆ మాటకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయినది. ఇరువది సంవత్సరములు నిలబడి పనిచేసి, వెన్నునొప్పి తప్ప మరేమీ మిగుల్చుకోలేని తండ్రి, కొడుకు కుర్చీలో కూర్చోవలెనని కోరుకొనుట తప్పు కాదు. శ్రమను కీర్తిస్తూ ఉపన్యాసములు చెప్పుట మావంటి జీతగాండ్రకు సులభము.

అయినను మేము వారితో చెప్పదలచినది ఇది. మీ కుమారుడు జీవితాంతము లేత్ దగ్గర నిలబడవలెనని మేము కోరుట లేదు. డెకార్డ్ కూడ జీవితాంతము ఆ కార్ఖానాలో ఉండలేదు, ఒక్క వేసవి ఉన్నాడు. కాని ఆ వేసవి కళ్ళు తెరచుకొని ఉన్నాడు. మీ షాపులో ఏ పని ఎందుకు ఆలస్యమగుచున్నదో, ఏ భాగము ఎందుకు మాటిమాటికి విరుగుచున్నదో మీకు తెలిసినంతగా ఏ ఆచార్యునికీ తెలియదు. ఆ తెలివి మీ ఇంటి ఆస్తి. దానిని కొడుకుకు చూపకుండ దాచిపెట్టి కళాశాలకు పంపుట, పొలము ఉన్నవాడు కొడుకును కౌలుకు పంపినట్లు కాదా?

మరొక సందేహము ఉన్నది. ఇటువంటి యంత్రములు వస్తే చేతిపనివారి నోటి దగ్గర కూడు పోదా అని. ఇది కేవలము భయము కాదు. నమూనాలు మలిచే పని కొంత తగ్గిన మాట నిజమే. కాని రెండు సంగతులు గుర్తుంచుకోవలెను. ఒకే వస్తువును వేల సంఖ్యలో చేయవలసినప్పుడు ఈ ముద్రణ పద్ధతి మందకొడిది, ఖరీదైనది. అక్కడ అచ్చులదే పైచేయి. రెండవది, లోహముతో ముద్రించిన భాగము యంత్రము నుండి రాగానే పనికిరాదు. దానిని అడుగు పలక నుండి వైర్‌కట్‌తో కోయవలెను, ఆధారముగా నిలిపిన ముక్కలను తీసివేయవలెను, వేడిచేసి లోహములోని బిగువును సడలించవలెను, కొలతకు సరిపోవునట్లు లేత్ మీదనో మిల్లింగు మీదనో సవరించవలెను. అనగా కొత్త యంత్రము చివరకు వచ్చి నిలబడేది పాత ఉస్తాద్ ముందే. కొత్త పని నేర్చిన ఉస్తాద్‌కు అక్కడ చోటు ఉన్నది. నేర్పేవారు లేక మిగిలిపోయిన ఉస్తాద్‌కు మాత్రము చోటు లేదు. కావున శిక్షణ అనునది కళాశాల కుర్రవానికి మాత్రమే కాదు, షాపులోని ఉస్తాద్‌కు కూడ అందవలసినది.

ఉస్తాద్ అను మాట వచ్చినది కనుక భాష చెప్పుకొనేవారముగా ఒక ముచ్చట. ఉర్దూలో పాఠము చెప్పేవాడూ ఉస్తాదే, పానా పట్టుట నేర్పేవాడూ ఉస్తాదే. ఒకే మాట, ఒకే గౌరవము. మన నగరపు కార్ఖానాలలో తెలుగు కుర్రవాడు కూడ తనకు పని నేర్పేవానిని ఉస్తాద్ అనియే పిలుస్తాడు. గురువు అను మాటను మాత్రము మనము బడి గోడల లోపల కట్టివేసినాము. ఈ రెండు భాషల పుటలు పక్కపక్కన అచ్చుపడే మా సంచికకు, ఈ ఒక్క మాటను ఒకరినుండి ఒకరు నేర్చుకొనే యోగ్యత కలదని మా నమ్మకము.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. విజ్ఞానశాఖకు ఒక త్రీడీ ప్రింటరును కొనవలెనన్న ఆలోచన ఉన్నట్లు వింటున్నాము. సంతోషమే. కాని యంత్రము మొదట వచ్చి, ప్రశ్న తరువాత వస్తే, ఆ యంత్రము నాలుగు బొమ్మలు చేసి అద్దాల బీరువాలో విశ్రమిస్తుంది. అటువంటి బీరువాలు ఇప్పటికే మనకు కొరత లేదు. అందుచేత వరుసను మార్చవలెనని కోరుచున్నాము.

మొదటిది, రెండవ సంవత్సరము ముగించిన విద్యార్థులు, ఏ శాఖవారైనా సరే, వేసవిలో ఒక నెల ఏదేని ఒక పనిచోట గడపవలెను. లేత్ షాపు కావచ్చును, దంతవైద్యుని ప్రయోగశాల కావచ్చును, ముద్రణాలయము కావచ్చును. వారి చేత ఒక నోటుపుస్తకము రాయించవలెను. అందులో ఉండవలసినది ఒక్కటే ప్రశ్న: ఇక్కడ ఏ పని కష్టముగా జరుగుచున్నది, ఎందుకు? భాష తెలుగైనా ఉర్దూ అయినా మాకు సమ్మతమే. ఆ పుస్తకములు దిద్దే భారము మేము సంతోషముగా మోయగలము. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టము 2014లో జరిగిన సవరణతో ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడ ద్వారము తెరచినది. మన బి.ఏ., బి.కాం. విద్యార్థులలో ఎందరికి ఆ సంగతి తెలియును?

రెండవది, అధ్యాపకులలో కోరినవారికి ఒక్క నెలయైనను పరిశ్రమలో గడపుటకు అనుమతి ఇవ్వవలెను. బీమన్‌కు దొరికిన రెండు సంవత్సరములు మనము అడుగుట లేదు. బాలానగర్ వరకు సిటీ బస్సు చాలును.

మూడవది, కార్ఖానాల ఉస్తాద్‌లను సంవత్సరమునకు నాలుగుసార్లయినా పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, తగిన పారితోషికము ఇచ్చి, పాఠము చెప్పించవలెను. ఉన్నత విద్యలో అనుభవజ్ఞులను ఆచార్యులుగా తీసుకొనుటకు డిగ్రీ తప్పనిసరి కాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘమే 2022లో మార్గదర్శకములు వెలువరించినది. ఆ నిబంధనలు మన వీధిలోని వెల్డరును దృష్టిలో పెట్టుకొని రాసినవి కాకపోవచ్చును. కాని అందులోని భావమునకు మన వీధి తలుపులు మూయవలసిన పని లేదు.

ఈ మూడూ జరిగిన పిమ్మట యంత్రమును కొందాము. అప్పుడు దానిముందు విద్యార్థి చేతిలో నోటుపుస్తకము ఉంటుంది, అందులో తన తండ్రి షాపులో విరిగిన ఒక భాగము బొమ్మ ఉంటుంది. ఆ యంత్రము చేసే మొదటి వస్తువు అదియే కావలెనని మా కోరిక.

విద్యార్థులారా, మీలో ప్రతి ఒక్కరూ డెకార్డ్ కాలేరు. మేము అంత పెద్ద మాట చెప్పము. పేటెంట్లు, కంపెనీలు కొందరి అదృష్టము. కాని ఒక వేసవిలో ఒక పనివాని చేతులను శ్రద్ధగా చూచుట అందరికీ సాధ్యమే. దానికి రుసుము లేదు, ప్రవేశ పరీక్ష లేదు.

వచ్చే సంవత్సరము మరల దరఖాస్తు పత్రములు మా బల్లమీదకు వస్తాయి. ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో ‘లేత్ షాపు’ అని గుండ్రని అక్షరములతో రాసినవాడు ఒక్కడు కనిపించినా చాలును. ఆ పత్రమును మేము అన్నిటికంటె పైన పెడతాము.